కోటాయనకి కుడిపక్క కాజాలు

ఆ రౌడీలు ఎక్కడున్నా చల్లగా ఉండాలి. వాళ్ళు ఉండేది అరచేతుల్లో ఇమిడే ఒక ఆటపెట్టెలో కాబట్టి ఎక్కడికీ పోరు, మా ఎదురువాటాలో అద్దం బల్ల సొరుగులోనే ఉంటారు. అయినా మనసారా దీవిస్తున్నాను. వాళ్ళ నాయకుడు కోటాయనకి మరీ ప్రత్యేకంగా దీవెనలు. నేలమాళిగల్లో మనుషుల చేత కొట్లాటలు పెట్టించి, కుర్చీలో కూర్చుని చూసే దుర్మార్గుడికి దీవెనలేమిటి, ఈవిడకి మతి పోయిందా అనుకుంటారేమో. మతి బాగానే ఉంది. ఇది నిజానికి ఆయన కథ కాదు, మా కాజాలక్క కథ. ఆయన అందులో కొంచెం సాయం చేశాడు, అంతే.

కాజా అంటే బొత్తాం దూరే కంత. చొక్కాలకైతే మిషను గడగడా కొట్టి పారేస్తుంది. మంచి కోటుకి అలా కుదరదు. మందపాటి గుడ్డని కోసి, ఆ కోత అంచునే ఒక సన్నటి తాడు పెట్టి, కొవ్వొత్తికి రుద్దిన దారంతో ఒక్కో ముడీ వేసుకుంటూ చుట్టూ తిరిగి రావాలి. ముడులన్నీ చీమలబారులా ఒకే ఎత్తున నిలబడాలి. అది చేత్తోనే అయ్యే పని. ఆ పని మా కాజాలక్క ఇరవై ఎనిమిదేళ్ళు చేసింది. నేను ఆమె కన్నా పాతికేళ్ళు పెద్దదాన్ని. అయినా వీధంతా అలాగే పిలుస్తుంది కాబట్టి నాకూ ఆమె కాజాలక్కే. ఆమెకి నేను పెద్దమ్మని.

పని నేర్పింది వాళ్ళ అత్తగారు. కోడలు కాపరానికి వచ్చిన మూడో రోజున చేతిలో సూదీ, పాత గుడ్డముక్కా పెట్టి, “వంట నాకొచ్చు, నీకు రాకపోయినా గడుస్తుంది. ఇది మాత్రం నేర్చుకో” అందట. మొదటి ఏడాది కుట్టినవన్నీ విప్పించిందట. “ఏడ్చావా?” అని అడిగాను ఒకసారి. “ఏడవడానికి తీరికేదీ పెద్దమ్మా, విప్పడంతోనే సరిపోయేది” అంది.

తన పని మీద ఆమెకి ఎంత గురి అంటే, ఒకసారి బస్సులో పక్కన కూర్చున్న పెద్దమనిషి కోటు అంచు పట్టుకుని తిరగేసి చూసింది. ఆయన ఉలిక్కిపడి, “ఏమ్మా, ఏంటిది?” అని అరిచాడు. “ఏం లేదన్నయ్యా, ఇవి నావి” అంది ఈవిడ. దిగే స్టాపు వచ్చేదాకా ఆయన జేబులు తడుముకుంటూనే ఉన్నాడట.

అలాంటి మనిషికి పోయినేడు ఎండాకాలం చివర్లో పక్షవాతం తగిలింది. తేలికగానే తగిలింది. నెలా నెలన్నరలో మూతి సర్దుకుంది, కాలు సర్దుకుంది, మాట తేరుకుంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మాత్రం మాట వినలేదు. ఒళ్ళంతా దక్కింది కదా అని చుట్టాలందరూ ఓదార్చి వెళ్ళారు. ఆమె చేతిని ఒళ్ళో పెట్టుకుని దానివంకే చూస్తూ కూర్చునేది. 

ఆమె పనిచేసే షాపు టైలర్ మాస్టారు చెడ్డవాడు కాదు. షాపులో కిటికీ పక్కన వెలుతురు పడేచోట ఆమె స్టూలు ఉంటుంది. దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు. కానీ ఒకరోజు చూడ్డానికి వచ్చి, మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయి, నేల చూపులు చూస్తూ చెప్పాడు.

“చలి మొదలయ్యేలోపు కోట్ల పని మొదలెట్టాలమ్మా. అందాకా ఆగుతాను. ఆ తర్వాత వేరే మనిషిని చూసుకోవాలి. మరోలా అనుకోకు.”

“అనుకోను మాస్టారూ” అంది. ఆయన వెళ్ళాక నాతో, “ఆ స్టూలు మీద ఇంకొకరు కూర్చుంటే నేను ఆ వీధిలోంచి నడవలేను పెద్దమ్మా” అంది. 

వ్యాయామం చేయించే డాక్టరమ్మ ఒక రబ్బరు బంతి ఇచ్చి, రోజూ నొక్కమంది. నాలుగు రోజులు నొక్కింది. ఐదో రోజు ఆ బంతి మంచం కింద కనిపించింది. “దొర్లిపోయింది” అంది. బంతులు వాటంతటవే దొర్లితే నాకు తెలియదా? నాకున్న చదువు ఐదో తరగతి దాకానే. మిగతాదంతా గుమ్మంలో నిలబడి నేర్చుకున్నాను.

ఆ గుమ్మంలోనే ఒక మధ్యాహ్నం నిలబడి ఉండగా ఎదురువాటాలోంచి కేకలు వినిపించాయి.

“కొట్టు వదినా, కొట్టు! మొహం మీద ఒక్కటివ్వు! అయ్యో, నిన్నే తన్నేస్తున్నాడు!”

చేతిలో గరిటెతో సహా పరిగెత్తాను. చూస్తే గదిలో కాజాలక్క, ఆమె ఆడపడుచు తప్ప ఎవరూ లేరు. ఆ ఆడపడుచు పాత ఫోన్లు బాగుచేసే కొట్టు నడుపుతుంది. ఎవరో బాగుచేయమని ఇచ్చి, ‘ఇంక నాకొద్దు, ఉంచేసుకోండి’ అన్న ఆటపెట్టెని వదిన కోసం పట్టుకొచ్చింది. మధ్యలో తాంబూలపు పెట్టె మూతంత తెర, ఎడమవైపు బొటనవేలితో మనిషిని నడిపించే మీట, కుడివైపు బొటనవేలితో గుద్దించే బొత్తాలు.

“రబ్బరు బంతి తిరిగి గుద్దదు కదండీ పెద్దమ్మగారూ, ఇదైతే గుద్దుతుంది. అప్పుడైనా మా వదినకి పౌరుషం వస్తుంది” అంది ఆడపడుచు.

“పౌరుషం సరే, ఇంకే ఆటా దొరకలేదా? పూలు కోసేదో, పళ్ళు ఏరేదో?” అన్నాను.

“ఆట ఉండే బిళ్ళ లోపల ఇరుక్కుపోయిందండీ. లాగితే పెట్టె విరుగుతుంది. ఆడితే ఇదే ఆడాలి.”

అలా వచ్చారు రౌడీలు మా మెట్లవరసకి.

కథ ఏమిటంటే, మేం అర్థం చేసుకున్నంతవరకు చెబుతాను. అక్షరాలన్నీ ఇంగ్లీషువి, మా ఇద్దరికీ రావు. ఒక గుండు కుర్రాడు, చేతులకి కట్లు కట్టుకుని ఉంటాడు. వాడి అన్ననో తమ్ముణ్ణో, మేం అన్ననే అనుకున్నాం, ఒక ముఠా ఎత్తుకుపోయింది. విడిపించుకోవాలంటే వాడు ఆ ముఠా చెప్పినచోటల్లా కొట్లాడాలి. కార్లు నిలిపే నేలమాళిగలో ఒకసారి, మూతపడ్డ లాండ్రీ అడుగున ఆవిరి గొట్టాల మధ్య ఒకసారి. చుట్టూ జనం అరుస్తుంటారు. తెరకి కుడివైపు మూల ఎత్తు కుర్చీలో పొడుగు కోటు వేసుకుని ముఠా నాయకుడు కూర్చుంటాడు, అందుకే మాకు ఆయన కోటాయన. ఓడినవాణ్ణి ఏం చేయాలో నోటితో చెప్పడు, బొటనవేలు పైకెత్తి కిందికి దించుతాడు.

“చూశారా పెద్దమ్మా, బొటనవేలు ఎంత సుళువుగా ఆడిస్తున్నాడో” అంది కాజాలక్క మొదటిరోజే. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ప్రతి నేలమాళిగకీ మెట్ల దగ్గర ఒక కాపలా మనిషి ఉంటుంది. నడుము మీద చేతులు పెట్టుకుని, వచ్చినవాణ్ణి వచ్చినట్టు ఆపి ఏదో అడుగుతుంది. జవాబు చెప్పందే కదలనివ్వదు. ఒకరోజు నేను గుమ్మంలోకి వచ్చేసరికి లోపల వదినా ఆడపడుచులు పడీ పడీ నవ్వుతున్నారు.

“పెద్దమ్మ అడ్డం నిలబడింది వదినా, దాటుకుపో!”

“ఎలా దాటను? ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావ్ అని అన్నీ అడిగాక కదా వదిలేది!”

నన్ను చూసి ఇద్దరూ నాలుక్కరుచుకున్నారు. నేను మొహం ఇంత చేసుకుని వెళ్ళి, దగ్గరగా కూర్చుని, ఆ కాపలా మనిషిని పరీక్షగా చూశాను. “చీర కట్టకపోయినా మనిషి గట్టిదే. నా అంత చురుకు లేదు, వాడి జేబులు వెతకలేదు” అన్నాను. ఆ రోజునుంచి నాకు ఆ గదిలో శాశ్వతంగా ఒక కుర్చీ పడింది. నా ఈ నోటికి, నా ఈ ప్రశ్నలకి జడిసి తలుపులేసుకున్న ఇళ్ళు ఎన్ని చూశానో! ఈ పిల్ల మాత్రం తలుపు తీసే ఉంచింది, అడిగినదానికల్లా జవాబు చెప్పింది. అది మరిచిపోలేను.

ఆట మాత్రం సాగలేదు. కుడి బొటనవేలు కదిలితే కదా గుద్దు పడేది! ఎడమచేతిని ఇవతలికి చాపి బొత్తాం నొక్కబోతే ఆడపడుచు ఒప్పుకోలేదు. “అది తొండి వదినా!” కాబట్టి మా గుండువాడు ఎగిరేవాడు, వంగేవాడు, పక్కకి తప్పుకునేవాడు, ఒక్క గుద్దు గుద్దేవాడు కాదు. మూడు వారాలు వాడు తిన్న దెబ్బలు నా ఒంటికి తగిలినట్టుండేవి. కాజాలక్క భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. పని నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటూ, “ఇంకా నేలమాళిగలోనే ఉన్నారా? లిఫ్టు పంపమంటారా?” అనేవాడు.

నాలుగో వారంలో ఒకరోజు గుండువాడి చెయ్యి లేచింది. ఎదుటివాడి దవడ మీద ‘ఠప్’ మని పడింది.  కాజాలక్క తెర వంక చూడట్లేదు, తన బొటనవేలి వంక చూస్తోంది.

“నేనేనా?” అంది.

“నువ్వు కాక నేనా?” అన్నాను. 

అక్కణ్ణుంచి రోజుకొక గుద్దు, తర్వాత రోజుకి పది. బొటనవేలు నొక్కడం నేర్చింది. బొత్తాన్ని అదిమి పట్టుకోవడం నేర్చింది. కానీ సూదిని నడపాలంటే నొక్కితే చాలదు, తిప్పాలి. సూది చేతికిస్తే జారిపోయేది. ఎడమచేత్తో ప్రయత్నించింది. ముడులు అడ్డదిడ్డంగా పడి, దారం చిక్కుపడి, కాజా కాస్తా కోతిపుండులా తయారైంది. ఆ గుడ్డముక్కని ఉండచుట్టి గోడకేసి కొట్టింది. బయట గాలి అప్పటికే చల్లబడుతోంది.

ఇక్కడ కోటాయన సంగతి చెప్పాలి. గుద్దులు పడటం మొదలైన కొత్తల్లోనే ఒక మధ్యాహ్నం ఆయన మొహమూ ఛాతీ తెరనిండా పెద్దగా వచ్చి ఏదో మాట్లాడుతుంటే, కాజాలక్క ఆట ఆపి దారం పరీక్షించే భూతద్దం తెచ్చింది. చాలాసేపు చూసి తలెత్తింది.

“పెద్దమ్మా, ఈయన ఈయన కాదు. ఆవిడ.”

“ఏం కూస్తున్నావే?”

“మగవాళ్ళ కోటుకి కాజాలు ఎడమపక్క ఉంటాయి, ఆడవాళ్ళ కోటుకి కుడిపక్క. చూడండి, ఈయనకి కుడిపక్కనే ఉన్నాయి. ఆడమనిషి మగవేషం వేసుకుని ముఠా నడుపుతోంది!”

ఆ మాటతో మాకు రెండు నెలల కాలక్షేపం దొరికింది. అంతటి ఆడదానికి ఆ ఖర్మ ఎందుకు పట్టింది, మొగుడు చేతకానివాడా, అన్నదమ్ములు మోసం చేశారా? గుండువాడు ఆమె కన్నకొడుకేనని నేను తేల్చేశాను. అందుకే వాడి వంతు వచ్చినప్పుడు బొటనవేలు దించదు, వణుకుతుంది అన్నాను. “అది పెట్టె పాతదై తెర వణుకుతోంది పెద్దమ్మగారూ” అంది ఆడపడుచు. ఆమెకి ఇంగ్లీషు చదవడం వచ్చు. అయినా మా కథే బాగుందని అసలుది చెప్పలేదట, తర్వాత ఒప్పుకుంది.

చివరికి అందరినీ గెలిచి గుండువాడు కోటావిడ ముందు నిలబడ్డాడు. ఆట మొదలైనప్పటినుంచీ కుడి మూల కుర్చీలోంచి కదలని మనిషి లేచింది. గుండువాణ్ణి దాటుకుని తెరకి ఎడమవైపు వెళ్ళి, ఇటు తిరిగింది.

కాజాలక్క కెవ్వుమంది. “కాజాలు మారిపోయాయి!”

నిజమే. ఇప్పుడు ఎడమపక్క ఉన్నాయి. కుడివైపు వస్తే మళ్ళీ కుడిపక్కకి పోతున్నాయి. మాకు మతులు పోయాయి. ఆడపడుచు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, అప్పుడు చెప్పింది.

“వదినా, ఆ బొమ్మ గీసేవాళ్ళు ఒకవైపుకే గీస్తారు. రెండోవైపుకి మళ్ళీ ఎవరు గీస్తారు? అద్దంలో చూపించినట్టు తిప్పేస్తారు, అంతే. ఆయన మగాడే. నువ్వు ఇన్నాళ్ళూ చూసింది తిప్పేసిన బొమ్మని.”

నాకు చెడ్డ కోపం వచ్చింది. రెండు నెలలు కడుపు తరుక్కుపోయేలా జాలిపడ్డానే ఆ తల్లి మీద! కాజాలక్క మాత్రం పెట్టె పక్కన పెట్టి అలాగే కూర్చుంది.

“అదే మనిషి, అదే కోటు” అంది కాసేపటికి. “మొత్తం తిప్పేస్తే ఏమీ పాడవలేదు. నడుస్తున్నాడు, కొడుతున్నాడు.”

లేచి, అద్దం బల్ల మీది అద్దాన్ని గోడకి ఆనించి, దాని ముందు కూర్చుంది. ఎడమచేత్తో సూది తీసుకుంది. అద్దంలో ఆ చెయ్యి కుడిచెయ్యిలా ఉంది. గుడ్డని కుడిచేతి వేళ్ళ మధ్య పెట్టింది. నెలల తరబడి రౌడీల మీద బొత్తాలు అదిమిన ఆ బొటనవేలు గుడ్డని గట్టిగా పట్టుకుంది.

“ఇన్నాళ్ళూ నేను చెయ్యి మార్చాను గానీ పని మార్చలేదు పెద్దమ్మా. ఎడమచేత్తో కూడా పాత చివరి నుంచే మొదలెట్టాను, దారం పాత వైపుకే తిప్పాను. రెండో చివరి నుంచి మొదలెట్టాలి. అన్నీ తిప్పేయాలి.”

మొదటి ముడి పడింది. దాని పక్కన రెండోది పడింది. మూడోదానికి నేను బయటికి వచ్చేసి గుమ్మంలో నిలబడ్డాను. కళ్ళు తుడుచుకోవడానికి ఒకరి ఇల్లెందుకు, మనదుండగా.

పది రోజులు గుడ్డముక్కల మీద కుట్టాక అసలు కోటు మీద కుట్టి చూడాలంది. ఎవరిస్తారు? మా ఆయన కోటు నా పెట్టెలో పదకొండేళ్ళుగా ఉంది. బూడిదరంగు ఉన్నిది, కాజాలు పీలికలైపోయి చివరి రోజుల్లో ఆయన బొత్తాలు పెట్టుకోకుండానే తిరిగేవాడు. తీసి ఇచ్చాను. “చించినా పరవాలేదు” అన్నాను, పైకి.

మూడోనాడు సాయంత్రం కాజాలక్క ఆ కోటు చేతుల్లో పెట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఘోరం చేశాను పెద్దమ్మా. అద్దంలో చూస్తూ సుద్దతో గుర్తులు పెట్టాను. అద్దం చూపించిన పక్కే కోసేశాను. పాత కంతలు మూసి, వాటి మీదే బొత్తాలు కూడా కుట్టేశాక గానీ చూసుకోలేదు. పెదనాన్నగారి కోటుకి కుడిపక్క కాజాలు పెట్టేశాను.”

నేను కోటు తీసుకుని వేసుకున్నాను. చేతులు పొడుగు, మడిచాను. బొత్తాలు పెట్టుకున్నాను. నా చేతికి ఎంత ఒద్దికగా కుదిరాయో! ఆయన పోయాక చలికి ఎన్నోసార్లు ఆ కోటు వేసుకుందామని తీసి, ఆయనదనిపించి మళ్ళీ మడిచి పెట్టేసేదాన్ని.

“ఏడుపెందుకే పిచ్చిదానా” అన్నాను. “ఇన్నాళ్ళూ ఇది ఆయన కోటు. ఇవాళ నా కోటు అయింది. మా ఆయన కోటాయన కన్నా తక్కువ తిన్నాడా, ఆయనకి మాత్రం తిప్పకూడదా?”

ఏడుస్తూనే నవ్వింది.

మర్నాడు పొద్దున్నే కోటు వేసుకుని తిన్నగా టైలర్ షాపుకి నడిచాను. కాజాలక్కకి చెప్పలేదు. మాస్టారు గుడ్డ కత్తిరిస్తున్నాడు. కిటికీ పక్క స్టూలు మీద, ఎవరూ కూర్చోకుండా అన్నట్టు, గుడ్డల కట్ట పెట్టి ఉంది.

“ఏం పెద్దమ్మగారూ, ఇలా వచ్చారు?”

“చలేస్తే వచ్చాను. మీ షాపులో ఎవరున్నారు, ఎవర్ని పెడుతున్నారు, ఎప్పటినుంచి?” అన్నాను, కాపలా మనిషిలా నడుము మీద చేతులు పెట్టుకుని.

ఆయన చూపు నా కోటు మీద ఆగిపోయింది. కత్తెర పక్కన పెట్టి వచ్చాడు. ఒక బొత్తాం తీశాడు, పెట్టాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ తీశాడు, పెట్టాడు. వేలి కొసతో ముడుల అంచంతా తడిమాడు.

“ఇది మగ కోటు” అన్నాడు.

“అవును.”

“కాజాలు తప్పు పక్కన ఉన్నాయి.”

“అవును.”

“ముడులు కూడా రెండో చివర్నుంచి మొదలయ్యాయి.” మళ్ళీ ఒకసారి తడిమాడు. “ఎడమచేత్తో కుట్టిందా?”

“రెండు చేతులతో కుట్టింది. ఒకటి నడిపింది, ఒకటి పట్టుకుంది.”

మాస్టారు తల పంకించి, వెళ్ళి స్టూలు మీది గుడ్డల కట్ట దించి నేలమీద పెట్టాడు. జేబురుమాలు తీసి స్టూలు దుమ్ము దులిపాడు. “రేపు రమ్మనండి” అన్నాడు. “వేగం తర్వాత వస్తుంది.”

అంత మంచి మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు నేను.

ఇప్పుడు ఆమె ఆ కిటికీ పక్కనే ఉంటుంది. ముందు చిన్న అద్దం ఉండేది, ఈ మధ్య దాని అవసరం కూడా తీరింది. అయినా మాస్టారు ప్రతి కోటు ఎడమపక్క మీదా సుద్దతో పెద్ద అక్షరాలతో ‘ఇటు’ అని రాసి మరీ ఆమె చేతికిస్తాడు. పనయ్యాక ఆమె దాన్ని దులిపేస్తుంది. దారిన పోతూ నేను కిటికీలోంచి తొంగిచూసినప్పుడల్లా ఆమె ఒళ్ళో ‘ఇటు’ అని కనిపిస్తుంది. ఆ రెండక్షరాలు చదవడానికి ఐదో తరగతి ఎక్కువే.

ఆటపెట్టె సొరుగులో ఉందన్నాను కదా. మొన్న సెలవురోజున మెల్లగా అడిగాను.

“కాజాలక్కా, ఆ చివరి కొట్లాట అలాగే ఆగిపోయింది. ఇప్పుడు నీ చేతులకి అదో లెక్కా? ఒక్కసారి వాణ్ణి పడగొట్టేయ్. గుండువాడి అన్న సంగతి తేలిపోతుంది. నాకు నిద్రపట్టట్లేదు.”

ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తూ తల అడ్డంగా ఊపింది.

“వద్దు పెద్దమ్మా. అటూ ఇటూ నడిచి, తిప్పెయ్యమని నాకు చూపించినవాడు ఆయనే. ఆయన మొహం మీద నేనెలా గుద్దను?”

“మరి ఆ కుర్రాడి అన్న?”

“మీరే చెప్పండి, ఏమయ్యాడో. మీ కథే బాగుంటుంది.”

కోటు బొత్తాలు పెట్టుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదలుపెట్టాను.